ట్రెంట్‌ను ఆన్‌ఫీల్డ్ మొత్తం బూ అంటుంటే నేనూ అన్నా. తప్పా?

పాతూరు 66 | నవంబర్ 5, 2025, ఉదయం 6:40

నిద్ర లేదు, టీ కూడా తాగలేదు. అలాగే కూర్చొని రాస్తున్నా.

రాత్రి ఒకటిన్నరకు మన లివర్‌పూల్ గ్రౌండు ఆన్‌ఫీల్డ్‌లో రియల్ మాడ్రిడ్‌తో మ్యాచ్. ఇంట్లో అందరూ పడుకున్నారు. ఇయర్‌ఫోన్స్ పెట్టుకొని, ఫోన్‌ను నీళ్ల చెంబుకు ఆనించి చూస్తున్నా. మాక్ అలిస్టర్ హెడర్ లోపల పడినప్పుడు అరవకుండా దిండును గుద్దుకున్నా. అక్కడిదాకా బాగానే ఉన్నా. చివర్లో, ఈ ఏడాదే మనల్ని వదిలి మాడ్రిడ్‌కు పోయిన ట్రెంట్ అలెగ్జాండర్-ఆర్నాల్డ్ వాళ్ల తరఫున లోపలికొచ్చాడు. స్టేడియం మొత్తం బూ. బాల్ తాకితే బూ. నా నోట్లోంచి కూడా వచ్చేసింది, గట్టిగానే.

ఈ రోజు కార్తీక పౌర్ణమి కదా, మా అమ్మ స్నానానికని మూడింటికే లేచింది. "ఎవర్ని తిడుతున్నావురా ఈ పూట?" అంది. మన పిల్లోడేమ్మా, వేరే టీముకు పోయినాడు అన్నా. "మన పిల్లోడైతే తిట్టేదేమిటికి?" అని బకెట్ తీసుకొని వెళ్లిపోయింది. మ్యాచ్ 1-0తో గెలిచాం, కానీ అప్పటి నుంచి ఆ మాటే తిరుగుతోంది బుర్రలో.

నా పేరులో 66 ఎందుకుందో పాతవాళ్లకు తెలుసు, మన దగ్గర ట్రెంట్ షర్టు నంబరు అది. 2019 మే 7, బార్సిలోనాతో మ్యాచ్. మొదటి మ్యాచ్ 3-0తో ఓడి ఉన్నాం. ట్రెంట్ కార్నర్ దగ్గర బాల్ పెట్టి, వేరేవాళ్లకు వదిలేసినట్టు పక్కకు నడిచి, గిరుక్కున తిరిగి కొట్టాడు. వాళ్లు ఇంకా చూసుకోకముందే మన డివాక్ ఒరిగి గోల్ వేసేశాడు. 4-0. అప్పుడు ట్రెంట్‌కు ఇరవై ఏళ్లు. ఆరేళ్లప్పుడు అకాడమీలో చేరిన లివర్‌పూల్ పిల్లోడు. వాణ్ని చూసే నేను మా గల్లీ టీములో రైట్ బ్యాక్ ఆడటం మొదలుపెట్టా. అంతకుముందు రైట్ బ్యాక్ అంటే ఆట రానోణ్ని నిలబెట్టే చోటు.

అలాంటోణ్ని బూ అన్నా. చెప్పండి.

గుత్తి రోడ్డు గోలీ | 7:15

తప్పేం లేదు సామీ. నేను హాల్లో నిలబడి అన్నా. పక్కింటాయన తలుపు కొట్టాడు.

నాకు కోపం వాడు క్లబ్బు వదిలి పోయినందుకు కాదు. ఏప్రిల్ 20, లెస్టర్ మ్యాచ్ గుర్తుందా? బెంచి మీద నుంచి వచ్చి గోల్ వేసి, షర్టు విప్పి కార్నర్ జెండాకు తగిలించాడు. నేను అదే ఫోటో స్టేటస్ పెట్టి కింద "ఉంటాడు" అని రాశా. జెండాకు షర్టు తగిలించినోడు యాడికి పోతాడులే అనుకున్నా. సరిగ్గా పదిహేను రోజులకు, మే 5న, పోతున్నా అని వీడియో పెట్టాడు. ఆ స్టేటస్ స్క్రీన్‌షాట్ మా వాళ్లు ఇప్పటికీ నాకు పంపుతుంటారు.

కడప కారం | 7:22

నేను మాంచెస్టర్ యునైటెడ్ అభిమానిని. బొరుగులు తెచ్చుకొని కూర్చున్నా. కానీయండి.

సిల్క్‌బోర్డ్ జీవి | 8:50

ట్రాఫిక్‌లో ఉన్నా, టైం చాలా ఉంది, కాబట్టి కొంచెం పెద్దగానే రాస్తా.

నేను పుట్టింది అనంతపురం. చదివింది ఆర్ట్స్ కాలేజీ. ఆడింది ఆ గ్రౌండులోనే. పదకొండేళ్లుగా బెంగళూరులో ఉన్నా. ఈ థ్రెడ్‌లో ఉన్నవాళ్లలో సగం మంది నాలాగే మారతహళ్లిలోనో, గచ్చిబౌలిలోనో ఉన్నారని నాకు తెలుసు. మనం వాణ్ని ఊరు వదిలి పోయినోడు అంటున్నాం.

మన జిల్లాలో పిల్లోడు కొంచెం తెలివిగా ఉంటే ఇంట్లో మొదట అనే మాట ఏంది? "వీణ్ని ఎట్లైనా బయటపడేయాలి." వాన రాక శనక్కాయ ఎండిన ఏడు బెంగళూరు బస్సులు, కేరళ పోయే రైళ్లు నిండిపోతాయి. పోయినోళ్లను ఎవరన్నా బస్టాండులో నిలబడి బూ అన్నారా? పండక్కొస్తే ఓళిగలు చేసి పెడతారు. వాడు ఇరవై ఏళ్లు ఒకే చోట పని చేశాడు. 354 మ్యాచులు ఆడాడు. రెండు లీగులు, ఒక ఛాంపియన్స్ లీగ్, ఇంకా కప్పులు. బాకీ ఏమైనా మిగిలిందా?

గుత్తి రోడ్డు గోలీ | 9:05

నువ్వు పోయేటప్పుడు "అనంతపురం కలెక్టర్ కావడమే నా కల" అని పేపరోళ్లకు చెప్పి పోలేదు కదన్నా. వాడు లివర్‌పూల్ కెప్టెన్ కావాలని ఎన్నిసార్లు చెప్పాడు? వైస్ కెప్టెన్ దాకా వచ్చాడు. మనం నమ్మాం. నమ్మమని ఎవరు చెప్పారంటావా, వాడే చెప్పాడు.

హిందూపురం నీలం | 10:30

లివర్‌పూల్ ఊళ్లోనే ఉన్న ఇంకో క్లబ్బు, ఎవర్టన్ అభిమానిని. అవును, హిందూపురంలో ఒకణ్ని ఉన్నా. నవ్వుకోండి.

ఈ బాధ మాకు కొత్త కాదు. మా పిల్లోడు వేన్ రూనీ. 2002 అక్టోబర్‌లో పదహారేళ్ల వయసులో ఆర్సెనల్ మీద గోల్ వేసి వాళ్ల ముప్పై మ్యాచుల ఓటమి లేని వరసను తెంచాడు. "ఒకసారి బ్లూ అయితే ఎప్పటికీ బ్లూయే" అన్న అర్థంలో టీషర్టు వేసుకొని చూపించాడు. 2004లో మాంచెస్టర్ యునైటెడ్‌కు పోయాడు. పోతే పోయాడు, 2008లో మా గ్రౌండు గుడిసన్ పార్కులోనే, మా ముందే, యునైటెడ్ బ్యాడ్జికి ముద్దు పెట్టాడు. ఆ రోజు నేను రిమోట్ విసిరిన మచ్చ గోడ మీద ఇంకా ఉంది, క్యాలెండర్ వేలాడదీశాం.

కానీ ఒక మాట. 2017లో తిరిగొచ్చాడు. ముసలోడైపోయాడు, బరువెక్కాడు. అయినా వెస్ట్ హామ్ మీద మా సగం లోపల నుంచే కొట్టి గోల్ వేశాడు, ఆ రోజు హ్యాట్రిక్. నేను ఏడ్చా. పదమూడేళ్ల తిట్లు యాడికి పోయాయో తెలీదు. మీరు కూడా ఎక్కువ తిట్టొద్దు, రేపు మింగుకోవడానికి కష్టం.

కడప కారం | 10:34

ముద్దు పెట్టిన రోజు మేం బాగా ఎంజాయ్ చేశాం అన్నా.

హిందూపురం నీలం | 10:35

నీ బొరుగుల్లో మిరపకాయ పడ.

గుంతకల్లు జంక్షన్ | మధ్యాహ్నం 1:20

లంచ్ బ్రేక్. అందరూ ప్రేమ గురించి మాట్లాడుతున్నారు, నేను లెక్క చెప్తా. రైల్వే మనిషిని, టికెట్ చూడనిదే నాకు నిద్ర పట్టదు.

ఆటగాడి కాంట్రాక్టు అయిపోతే క్లబ్బుకు పైసా ఇవ్వకుండా పోవచ్చు. ఈ హక్కు 1995 డిసెంబర్‌లో వచ్చిన బోస్‌మన్ తీర్పు వల్ల వచ్చింది. అంతకుముందు కాంట్రాక్టు ముగిసినా క్లబ్బు డబ్బు అడిగేది, పట్టి ఉంచేది. ఆ బెల్జియం ఆటగాడు కోర్టుకు పోయి గెలిచాడు, కానీ అతని ఆట అక్కడితోనే దెబ్బతింది. ఫలం తిన్నవాళ్లు వేరే. అందులో మొదటి వరసలో ఉన్నది మన లివర్‌పూల్ పిల్లోడే, మెక్‌మనమన్. 1999లో రియల్ మాడ్రిడ్‌కు ఉచితంగా పోయాడు. మరుసటి ఏడు ఛాంపియన్స్ లీగ్ ఫైనల్లో గోల్ కూడా వేశాడు.

తర్వాత మన మైకేల్ ఓవెన్. 2004లో, ఒక ఏడాది కాంట్రాక్టు మిగిలి ఉండగా, 80 లక్షల పౌండ్లకు, పైన నునెజ్ అనే ఆటగాణ్ని ఇచ్చి మాడ్రిడ్ వాళ్లే కొన్నారు. ఆ ధరకు యూరప్ బెస్ట్ ప్లేయర్ అవార్డు తీసుకున్నోడు! ఓవెన్ పోయిన మరుసటి మే నెలలో మనం ఇస్తాంబుల్‌లో కప్పు గెలిచాం. పాపం.

ట్రెంట్ మూడోవాడు, అదే క్లబ్బు, అదే దారి, అదే మాడ్రిడ్. జూన్ 30 దాకా ఆగితే ఉచితమే. క్లబ్ వరల్డ్ కప్‌కు ముందే కావాలని మాడ్రిడ్ వాళ్లు కోటి యూరోల దాకా ఇచ్చారని వార్తలు. రెండేళ్ల ముందు అమ్మి ఉంటే దానికి ఎన్ని రెట్లు వచ్చేదో. ఇంకోటి, సొంత అకాడమీలో పెరిగినోణ్ని అమ్మితే పుస్తకాల్లో వచ్చిందంతా లాభమే, ఎందుకంటే కొన్న ఖర్చు లేదు. కాబట్టి ఇంటి పిల్లోడు ఉచితంగా పోవడం క్లబ్బుకు రెండు రకాల దెబ్బ.

ఇప్పుడు చెప్పండి, తప్పు వాడిదా? రెండేళ్ల ముందు కూర్చోబెట్టి సంతకం తీసుకోని ఆఫీసుదా? నన్నడిగితే ఆఫీసుదే. రిజర్వేషన్ తెరిచిన రోజు నిద్రపోయి, బండి కదిలాక ప్లాట్‌ఫాం మీద అరిస్తే ఏం లాభం?

పాతూరు 66 | 1:48

అన్నా, నువ్వు చెప్పింది అర్థమైంది. కానీ లెక్క చూసుకొని ఎవరూ బూ అనరు కదా.

ఓలా అనంత | 3:10

నాకు తెలిసి ఈ గ్రూపులో స్పానిష్ వచ్చింది నాకొక్కదానికే. విసెంటే ఫెర్రర్ గారి సంస్థ ఆర్‌డీటీ నడిపే ఫారిన్ లాంగ్వేజెస్ స్కూల్లో నేర్చుకున్నా, ఆ భాషతోనే ఉద్యోగం వచ్చింది. జూన్‌లో మాడ్రిడ్‌లో వాణ్ని పరిచయం చేసిన రోజు స్పానిష్‌లో మాట్లాడాడు కదా, మీరంతా "చూడు, ఎప్పుడో నేర్చుకొని పెట్టుకున్నాడు, దొంగ" అని తిట్టారు. నాకైతే వేరేగా అనిపించింది. ఆ ఉచ్చారణ వింటే నా మొదటి ఇంటర్వ్యూ గుర్తొచ్చింది. ముందురోజు రాత్రి అద్దం ముందు నిలబడి బట్టీ పట్టిన వాక్యాలు అట్లాగే వస్తాయి. ప్రతి మాట తర్వాత చిన్న ఊపిరి.

మన ఊళ్లో స్పెయిన్ వాళ్లను చూసి పెరిగాం. విసెంటే ఫెర్రర్ గారు 1969లో ఇక్కడికి వచ్చి, 2009లో పోయేదాకా ఇక్కడే ఉన్నారు. వాళ్ల ఊరివాళ్లు ఆయన్ను "మమ్మల్ని వదిలిపోయాడు" అని బూ అన్నారో లేదో తెలీదు గానీ, మనకైతే ఆయన వచ్చినోడు. ఒక ఊరికి పోయినోడు ఇంకో ఊరికి వచ్చినోడు. అంతే నా పాయింట్.

గుత్తి రోడ్డు గోలీ | 3:25

అక్కా, ఆయన పేదల కోసం వచ్చారు. వీడు మాడ్రిడ్‌కు పోయింది కప్పుల కోసం. రెండూ ఒకే త్రాసులో పెట్టొద్దు.

ఓలా అనంత | 3:31

సరే, త్రాసు దించుతున్నా. స్పానిష్ గురించి చెప్పింది మాత్రం వెనక్కి తీసుకోను.

తార్నాక తమ్ముడు | సాయంత్రం 5:40

మీరు అదృష్టవంతులు. మీకు ప్లేయర్ పోయాడు. మాకు క్లబ్బే పోయింది. 2022లో హైదరాబాద్ ఎఫ్‌సీ ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్‌ఎల్) కప్పు గెలిచింది, పెనాల్టీల్లో కేరళ మీద. ఇప్పుడు అదే జట్టు ఢిల్లీ పేరు పెట్టుకొని ఢిల్లీకి పోయింది. బూ అనడానికి ఎవరి ఇంటి ముందు నిలబడాలో కూడా తెలీదు.

కడప కారం | 5:44

దీనికి మాత్రం నేను బొరుగులు పక్కన పెట్టా.

మోడరేటర్ | రాత్రి 8:00

రెండు పోస్టులు తీసేశాను. ఆటగాణ్ని తిట్టుకోండి, వాళ్ల ఇంట్లోవాళ్ల జోలికి పోవద్దు. ఆన్‌ఫీల్డ్ దగ్గర అతని బొమ్మ గీసిన గోడ మీద రంగు పోసిన ఫోటోలు కూడా ఇక్కడ సంబరంగా పెట్టొద్దు.

సిల్క్‌బోర్డ్ జీవి | 8:20

మే 11న ఆర్సెనల్ మ్యాచ్‌లో మొదటిసారి బూ అన్నప్పుడే నాకు చిరాకేసింది. అప్పటికి లీగ్ గెలిచేసి రెండు వారాలు. 67వ నిమిషంలో బ్రాడ్లీ బదులు వచ్చాడు, సొంత జనమే బూ. తర్వాత మన పాత కోచ్ యుర్గెన్ క్లాప్ కూడా అది విని టీవీ కట్టేశానని చెప్పాడు. చివరి మ్యాచ్‌లో, క్రిస్టల్ ప్యాలెస్ మీద, అదే జనం చప్పట్లు కొట్టారు. అదే మనుషులు, రెండు వారాల తేడా. కాబట్టి నిన్నటి బూ కూడా ఏమంత శాశ్వతం అనుకోను.

పాతూరు 66 | 8:41

ఆ మే 11న నేను బూ అనలేదన్నా, ఒట్టు. నిన్న తెల్ల జెర్సీలో చూసేసరికి ఆగలేదు. ఎర్ర చొక్కాలో ఉన్నంతసేపు మనోడే అనిపించింది.

పీఈటీ సార్ | నవంబర్ 6, రాత్రి 9:50

నేను ఇక్కడ చదువుతుంటాను, రాయను. మా అబ్బాయి టైపు చేసి పెడుతున్నాడు.

తార్నాక బాబు హైదరాబాదు పేరెత్తాడు కాబట్టి మొదట అది చెప్తా. తులసీదాస్ బలరాం. సికింద్రాబాదు అమ్ముగూడలో పుట్టాడు. ఫుట్‌బాల్ కోచ్ రహీం సార్ చేతిలో తయారైనవాడు. 1957లో కలకత్తా ఈస్ట్ బెంగాల్‌కు పోయాడు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీద, పెరూ మీద గోల్స్ వేశాడు. 1962 ఏషియన్ గేమ్స్ బంగారు పతకం జట్టులో ఉన్నాడు. తర్వాత అనారోగ్యంతో ఆట ఆపాల్సి వచ్చింది. అటువైపే, ఉత్తరపాడలో స్థిరపడిపోయాడు. 2023లో పోయాడు. మా స్టాఫ్ రూములో ఆ రోజు ఆ పేరు చెబితే ఎవరూ గుర్తుపట్టలేదు. ఒకాయన "క్రికెటా?" అన్నాడు. బూ అనేవాళ్లు ఉంటే బాగుండు అనిపించింది నాకు.

ఇప్పుడు నా సంగతి. బుక్కరాయసముద్రం వైపు పల్లె నుంచి ఒక పిల్లోడు మా బడికి వచ్చేవాడు. పేరు వద్దు. ఎడమ కాలు. ఎనిమిదో తరగతిలో ఉత్త కాళ్లతో ఆడేవాడు, వేసవిలో గ్రౌండు కాలుతుంటే నీడ ఉన్న వైపే పరిగెత్తేవాడు, అందుకే లెఫ్ట్ వింగ్‌లో పెట్టా. తర్వాత నా జీతంలో బూట్లు కొనిచ్చా, ఐదో నంబరు. కాలు పెరిగే కొద్దీ మూడు జతలు మారాయి.

పదిహేడేళ్లకు బెంగళూరులో ఏదో జట్టు వాళ్లు చూశారు. మాకు జిల్లాల పోటీ. పొద్దున ఐదింటికి బస్టాండులో పిల్లల్ని లెక్కపెడితే పది తలలే ఉన్నాయి. ముందురోజు రాత్రి బస్సుకే పోయాడట. నాకు చెప్పలేదు. చెబితే ఆపుతానని భయం అనుకుంటా. ఆపేవాణ్నే, అబద్ధం ఎందుకు. పది మందితో ఆడి ఓడిపోయి వచ్చాం. తిరుగు బస్సులో పిల్లలందరికీ చెప్పా, వాడితో ఎవరూ మాట్లాడొద్దని.

రెండేళ్ల తర్వాత ఉగాదికి వచ్చాడు. గ్రౌండు బయట వేపచెట్టు కింద బండి ఆపి, దిగకుండా కూర్చున్నాడు. లోపల మ్యాచ్ నడుస్తోంది. మా పిల్లోడొకడు చూసి "ఓ..." అని కేకేశాడు, మిగతావాళ్లు అందుకున్నారు. నేను ఆపాలి. నా చేతిలో విజిల్ ఉంది. త్రో ఇన్‌కు వేశా, ఆట సాగించా. తిరిగి చూస్తే బండి లేదు. గేటుకు ఒక కవరు తగిలించి ఉంది. లోపల బూట్లు, కడిగినవి, లేసులు కొత్తవి. నేను కొనిచ్చిన మూడో జత.

తర్వాత తెలిసింది, మోకాలు పోయి అప్పటికే జట్టులోంచి తీసేశారట. చెప్పుకోవడానికి వచ్చినట్టున్నాడు.

ఆ బూట్లు ఇప్పుడు తొమ్మిదో తరగతి పిల్లోడు వేసుకుంటున్నాడు. కొంచెం లూజు, ముందు పేపరు కుక్కుకుంటాడు.

గుత్తి రోడ్డు గోలీ | 10:20

సార్.

గుంతకల్లు జంక్షన్ | నవంబర్ 7, మధ్యాహ్నం 1:15

సార్, మొన్న లెక్కలు చెప్పినోణ్ని కాబట్టి ఇంకో లెక్క. ఫిఫా రూల్ ప్రకారం ఒక ఆటగాడు దేశం దాటి డబ్బుకు అమ్ముడైతే, ఆ మొత్తంలో 5 శాతం వాడు 12 ఏళ్ల నుంచి 23 ఏళ్ల దాకా ఆడిన క్లబ్బులకు పంచాలి. కానీ రిజిస్టర్ అయిన క్లబ్బులకే. బడి గ్రౌండుకు, బూట్లు కొనిచ్చిన సారుకు ఆ కాగితంలో గడి లేదు. అందుకే మీ కోపం నాకు అర్థమవుతుంది. లివర్‌పూల్‌కు ఇరవై లీగ్ టైటిళ్ల బీరువా మిగిలింది. మీకు బస్టాండులో పది తలలు మిగిలాయి.

ఓలా అనంత | 4:05

సార్, ఆ అబ్బాయితో తర్వాత మాట్లాడారా?

పీఈటీ సార్ | రాత్రి 9:30

నంబరు ఉంది. చెయ్యలేదు. ఏమని మొదలుపెట్టాలో తెలీడం లేదు.

పాతూరు 66 | నవంబర్ 9, రాత్రి 11:58

మాంచెస్టర్ సిటీ 3, లివర్‌పూల్ 0. ఇప్పుడు ఎవర్ని బూ అనాలో మీరే చెప్పండి. పదకొండు మందీ ఎర్ర చొక్కాలోనే ఉన్నారు.

మా అమ్మ ఈసారి కూడా లేచింది. "ఆ పిల్లోడు ఆడలేదా?" అంది. వాడు ఇప్పుడు మనతో లేడమ్మా అన్నా. "మరి అందుకే ఓడినారు" అని పోయి పడుకుంది.

కడప కారం | నవంబర్ 10, 12:02

అమ్మకు నా నమస్కారాలు. విశ్లేషకురాలు.

సిల్క్‌బోర్డ్ జీవి | ఉదయం 8:55

మ్యాచ్ గురించి మాట్లాడే ఓపిక లేదు. పీఈటీ సార్, ఆ అబ్బాయి ఇంకా బెంగళూరులోనే ఉన్నాడా? ఆదివారాలు మడివాళ దగ్గర టర్ఫ్‌లో మేం ఆడతాం, అందరం మన జిల్లా వాళ్లమే. లెఫ్ట్ వింగ్‌లో మనిషి లేడు, నేనే ఆడుతున్నా, సిగ్గుగా ఉంది.

పీఈటీ సార్ | రాత్రి 9:15

ఉన్నాడట. డెలివరీ పని చేస్తున్నాడని వాళ్ల అన్న చెప్పాడు. నంబరు మీకు విడిగా పంపిస్తా. నా పేరు చెప్పకుండా పిలవండి. కుడి మోకాలు, చూసి ఆడించండి. ఎక్కువ పరిగెత్తించొద్దు, బాల్ కాలి దగ్గరికే ఇవ్వండి.

సిల్క్‌బోర్డ్ జీవి | 9:18

సరే సార్. బూట్లు ఎన్నో నంబరు?

పీఈటీ సార్ | 9:40

అప్పుడు ఎనిమిది.